గట్టు మీది పిల్ల చేతికి విల్లు

ఆటల పీరియడ్ గంట కొట్టగానే మా బడి పిల్లలు రెండు గుంపులయ్యేవాళ్లు. మైదానంలోకి పరుగెత్తేవాళ్లు కొందరు. వేపచెట్టు కింది సిమెంటు గట్టెక్కేవాళ్లు మిగతా అందరూ. ఖోఖోకి ఇద్దరు కెప్టెన్లు ఎదురెదురుగా నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుచుకుంటూ పోతుంటే, చివరికి మిగిలిన నలుగురైదుగురం ఎవరూ చెప్పకముందే గట్టు వైపు నడిచేవాళ్లం. ఆడేవాళ్ల వాచీలూ గాజులూ జడపిన్నులూ మా ఒళ్లో ఉండేవి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్లూ నా ఆటల పీరియడ్ అదే. మా డ్రిల్ మాస్టారు చెడ్డవారు కారు. ఆయన దగ్గరున్నవి రెండు వాలీబాళ్లు, ఒక తాడు, ఒక ఈల. ఎదురుగా అరవై మంది పిల్లలు. పరుగెత్తేవాళ్లను పరుగెత్తించారు. పరుగెత్తలేనివాళ్లను ఏం చేయాలో ఆయనకూ ఎవరూ నేర్పలేదు.

ఆ గట్టు మళ్లీ గుర్తుకొచ్చింది మా అన్నయ్య కూతురి వల్ల. ఎనిమిదో తరగతి. దళసరి కళ్లద్దాలు, కాస్త బొద్దు, నలుగురిలో నోరు విప్పదు. మొన్న వేసవిలో విజయవాడలో పొద్దుటిపూట విలువిద్య శిబిరం పెడితే, ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చుంటోందని వాళ్లమ్మ చేర్పించింది. తీసుకెళ్లి తీసుకొచ్చే పని నాది. మొదటి వారం బాణాన్ని కళ్లతో చూడటమే తప్ప ముట్టుకోనివ్వలేదు. చేతికో రబ్బరు పట్టీ ఇచ్చి, అద్దం ముందు నిలబెట్టి, లాగమన్నారు, ఆపమన్నారు, వదలమన్నారు. "ఇదేం విలువిద్య అత్తా!" అని దారి పొడుగునా గునిసేది. ఎనిమిదో రోజున విల్లిచ్చారు. ఆ మర్నాడు పది మీటర్ల అవతల కట్టిన లక్ష్యానికి ఆమె బాణం వెళ్లి గుచ్చుకుంది. నడిమధ్య పసుపు వలయంలో ఏం కాదు, అంచుకు దగ్గరగా నల్ల వలయంలో, మూడు పాయింట్ల చోట. పిల్ల వెనక్కి తిరిగి నా వైపు చూసింది. పదమూడేళ్ల వయసులో ఏ ఆటలోనూ నాకు అలా వెనక్కి తిరిగి చూసే అవకాశం రాలేదు.

విలువిద్య అనగానే మన పత్రికల్లో పతకాల మాట వస్తుంది. అది రావలసిందే. కానీ ఈ కథనం ఎప్పటికీ పతకం గెలవని పిల్లల గురించి. అకాడమీల్లో పది మందికి నేర్పుతున్న ఈ విద్యను బడి ఆటల పీరియడ్‌లో అందరికీ నేర్పితే ఏమవుతుందన్నదే నా ధ్యాస.

ఒక్క బాణం

రెండు ఈలలు వినిపిస్తే పిల్లలు గీత దగ్గరికి వస్తారు. పాదాలు గీతకు అటొకటి, ఇటొకటి. భుజాల వెడల్పున నిలబడాలి. బాణం తోకలో చిన్న గాడి ఉంటుంది. దాన్ని నారికి తగిలిస్తే టక్కుమని సన్నని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినకుండా లాగకూడదు. బాణానికున్న మూడు ఈకల్లో ఒకదాని రంగు వేరు. అది ఎటు ఉందో చూసుకోవాలి. తర్వాత మూడు వేళ్లు నారి మీదికి వస్తాయి. చూపుడువేలు బాణానికి పైన, మధ్యవేలూ ఉంగరంవేలూ కింద. బొటనవేలు అరచేతిలోకి మడుచుకుంటుంది.

బొటనవేలి దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఏకలవ్యుడి కథ వింటూ పెరిగిన మనకు ఆ వేలు లేకపోతే విల్లే లేదనిపిస్తుంది. ఇవాళ ఒలింపిక్స్‌లో కొసలు ముందుకు వంగిన రికర్వ్ విల్లు లాగేవాళ్లెవరూ నారి మీద బొటనవేలు పెట్టరు. భారతంలోనూ గురుదక్షిణ ఇచ్చాక అతను మిగిలిన వేళ్లతో బాణాలు వేశాడనే ఉంది, మునుపటి వేగం మాత్రం లేకపోయింది. ఎన్ని వేదికల మీద ఎన్నిసార్లు విన్నా, ఆ పిల్లవాడు ఆ తర్వాత కూడా విల్లు వదల్లేదన్న సంగతి ఎవరూ నాకు చెప్పలేదు.

మళ్లీ గీత దగ్గరికి వద్దాం. ఎడమచేత్తో విల్లును బిగించి పట్టుకోకూడదు. అరచేతిలో ఆనించుకోవాలంతే, పిడికిలి బిగిస్తే విల్లు పక్కకు మెలి తిరుగుతుంది. నారిని లాగాల్సింది చేత్తో అనుకుంటారు పిల్లలు. చేత్తో లాగితే రెండో బాణానికే చేయి వణుకుతుంది. వీపు మీద రెక్కల ఎముకలు రెండూ ఒకదానికొకటి దగ్గరవుతున్నట్టు లాగాలి. లాగిన చేయి దవడ దగ్గర ఒకే చోట ఆగాలి, ప్రతిసారీ అదే చోట. అది ఒక వేలెడు జరిగిందంటే అవతల లక్ష్యం దగ్గర బాణం ఎక్కడికో పోతుంది. అక్కడ ఊపిరి సద్దుమణగాలి. అప్పుడు వదలాలి. వదలడమంటే వేళ్లు విదిలించడం కాదట, పట్టుకోవడం మానేయడమేనట. బాణం వెళ్లిపోయాక కూడా విల్లు పట్టిన చేయి దించకూడదు; అది గుచ్చుకున్న చప్పుడు వినిపించేదాకా అలాగే నిలబడాలి.

ఇదంతా కలిపి పట్టుమని పది, పదిహేను క్షణాలు. ఆ కాస్త సేపట్లో ఆ పిల్ల పాదాల నుంచి వేలి కొసల దాకా తన ఒంటిని ఒకసారి చూసుకుని వస్తుంది. మన బడి ఆటలన్నీ పరుగు నేర్పుతాయి, దూకడం నేర్పుతాయి, అందుకోవడం, తప్పించుకోవడం నేర్పుతాయి. నిలబడటం నేర్పే ఆట మాకు లేదు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో గుండె ఊరికే దడదడలాడుతుంది. సమాధానం తెలిసినా చెయ్యెత్తబోతే దడ, పరీక్ష కాగితం చేతికి రాగానే దడ. ఆ దడను పోగొట్టే మందు విల్లులో ఉందని నేననను. దడ ఉండగానే పని ఎలా చెయ్యాలో అది నేర్పుతుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో విలుకాళ్ల గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో టీవీ తెర మీదే చూపించారు. మహిళల వ్యక్తిగత ఫైనల్ చివరి బాణానికి కొరియా అమ్మాయి ఆన్ సాన్ గుండె నిమిషానికి 118 సార్లు, ఆమె ప్రత్యర్థి ఒసిపోవా గుండె 167 సార్లు కొట్టుకుంది. ఆన్ సాన్ పది కొట్టింది, ఒసిపోవా ఎనిమిది. కూర్చున్న మనిషి గుండె కంటే 118 కూడా ఎక్కువే. ఆ అమ్మాయికీ దడ ఉంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బాణం వేసింది.

వంగిన వీపులు

ఒంటికి కలిగే లాభం సంగతి చెప్పమంటే శిబిరంలో మాస్టారు పిల్లల వీపులు చూపించారు. బడి సంచి మోసి ముందుకు వంగిన భుజాలు, ఫోను వైపు వాలిన మెడలు. మొదటిరోజు సగం మంది నిటారుగా నిలబడలేకపోయారు. విల్లు లాగాలంటే భుజాలు కిందికి దిగాలి, ఛాతీ తెరుచుకోవాలి, రెక్కల మధ్య కండరాలు పనిచేయాలి. రోజంతా బెంచీ మీద కూర్చునే పిల్లలకు నిద్రపోయిన కండరాలు ఇవే. అలాగని ఇదొక్కటే వ్యాయామం సరిపోతుందని కాదు. చెమట పట్టే పరుగు పిల్లలకు కావాలి, గుండెకు అది వేరే మేలు. విల్లు కబడ్డీని తోసేయనక్కర్లేదు. కబడ్డీలోకి పిలుపు రాని పిల్లకు పీరియడ్ అంతా ఖాళీగా పోకుండా చూస్తే చాలు.

ఇంకో సంగతి. గీత మీద నిలబడ్డాక పొడుగూ పొట్టీ, బొద్దూ సన్నం, అమ్మాయీ అబ్బాయీ తేడా పెద్దగా పనిచేయదు. పక్కవాడు ఎంత గట్టివాడైనా నీ బాణానికి అడ్డం రాడు. కళ్లద్దాల పిల్లలకు ఇక్కడ చోటుంది. కొరియా విలుకాడు ఇమ్ దోంగ్ హ్యున్ చూపు బాగా మందం. 2012 లండన్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో 72 బాణాలకు 699 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టింది ఆయనే. జమ్మూ కశ్మీర్‌లోని కిష్త్వాడ్ కొండల్లో పుట్టిన శీతల్ దేవికి పుట్టుకతోనే చేతుల్లేవు. కుడికాలితో విల్లు పట్టి, భుజంతో నారి లాగి, దవడతో మీట నొక్కి బాణం వదులుతుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ కాంస్యం గెలిచినప్పుడు ఆమెకు పదిహేడేళ్లు. మన బడుల్లో కాలు సరిగా లేని పిల్లను ఆటల పీరియడ్‌లో ఏం చేస్తున్నారో ఒకసారి వెళ్లి చూడండి. క్లాసులో కూర్చోబెట్టి అందరి సంచులకూ కాపలా ఉంచుతున్నారు. చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లా, నిలబడ్డ పిల్లా ఒకే గీత మీద పక్కపక్కన ఆడగలిగే ఆటలు ఎన్నున్నాయి?

చదువుకూ ఇది దూరం కాదు. తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకంలో పని, శక్తి పాఠంలో వెదురుతో విల్లు చేసి చూడమనే కృత్యం ఉంది. వంచిన విల్లులో దాగిన స్థితిశక్తి బాణానికి గతిశక్తిగా మారుతుందని పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు. ఆ శక్తి తన వీపులోంచి వెళ్లిందని తెలిసిన పిల్లకు ఆ వాక్యం మరో రకంగా అర్థమవుతుంది. బాణం కొంచెం పైకి లేచి కిందికి దిగుతుందని, దూరం పెరిగేకొద్దీ గురి పైకి జరపాలని మా మేనకోడలు మూడో వారానికే కనిపెట్టింది. పరావలయం అనే మాట ఆమెకు ఇంకా రెండేళ్లకు గానీ పాఠంలో రాదు.

కెంటకీలో ఇరవయ్యొక్క బడులు

బడి పీరియడ్‌లో విలువిద్య పెట్టి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 2002లో ఇరవయ్యొక్క బడుల్లో మొదలుపెట్టారు. అక్కడి వన్యప్రాణి శాఖ, విద్యాశాఖ, విల్లులు తయారుచేసే ఒక కంపెనీ కలిసి చేసిన పని అది. పిల్లలు నాలుగ్గోడల మధ్యే పెరిగిపోతున్నారన్న బెంగతో మొదలైన ఆ కార్యక్రమం ఇప్పుడు అమెరికా అంతటా ఉంది, కెనడాకూ దక్షిణాఫ్రికాకూ వెళ్లింది. నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా నేర్పుతారు.

వాళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. పిల్లలందరికీ ఒకే రకం విల్లు, ఒకే రకం బాణం, ఒకే రకం లక్ష్యం. పది నుంచి ఇరవై పౌండ్ల బలంతో లాగగలిగే తేలికపాటి విల్లు అది. చేతి పొడవుకు తగ్గట్టు బిగించాల్సిన అవసరం లేకుండా తయారుచేశారు. నాలుగో తరగతి పిల్ల వేసి ఇస్తే అదే విల్లుతో టీచరు వెయ్యొచ్చు. గురి చూసే పరికరాలు, అదనపు హంగులు ఏవీ ఉండవు. డబ్బున్నవాళ్ల బిడ్డ మంచి విల్లు తెచ్చుకుని ముందుకు పోవడానికి దారి లేదు. లక్ష్యాలు పది మీటర్లకు, పదిహేను మీటర్లకు. పోటీలకు వెళ్లే జట్టులో అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ ఉండి తీరాలి. శిక్షణ తీసుకుని పరీక్ష పాసైన టీచరు తప్ప మరొకరు నేర్పడానికి వీల్లేదు.

ఆ చివరి షరతు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. విల్లు ఆయుధం. ఆటవస్తువని సర్దిచెప్పుకుంటే మొదటి తప్పు అక్కడే జరుగుతుంది. అమెరికాలోనే దీని మీద పెద్ద రగడ జరిగింది. 2022లో అక్కడ తుపాకుల అదుపు కోసం తెచ్చిన చట్టంలో, ప్రమాదకరమైన ఆయుధాల వాడకం నేర్పడానికి విద్యానిధులు ఇవ్వకూడదని ఒక మాట పడింది. దాంతో బడుల్లో విలువిద్యకు నిధులు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. తల్లిదండ్రులు, టీచర్లు గోల పెట్టారు. 2023 అక్టోబరులో చట్టాన్ని సవరించారు. ప్రతినిధుల సభలో ఆ సవరణకు అనుకూలంగా 424 ఓట్లు, వ్యతిరేకంగా ఒకే ఒక్క ఓటు. ఏ విషయంలోనూ కలవని రెండు పార్టీలు అక్కడ ఈ ఒక్కదాని మీద కలిశాయి.

మూడు ఈలలు

మన తల్లులు అడిగే మొదటి ప్రశ్నా అదే. "కంట్లో గుచ్చుకుంటే?" మా వదినా అడిగింది, నేనూ అడిగాను. శిబిరంలో మాస్టారు జవాబు చెప్పలేదు, ఒక పూట అక్కడే కుర్చీ వేసి చూడమన్నారు.

నేను చూసినది చెబుతాను. రెండు ఈలలకు గీత దగ్గరికి. ఒక ఈలకు బాణాలు. అందరివీ అయిపోయి, అందరూ విల్లులు దించి వెనక్కి వచ్చాక మూడు ఈలలు. అప్పుడు గానీ ఏ పిల్లా గీత దాటి లక్ష్యం వైపు అడుగు వెయ్యకూడదు. ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఈలలు గబగబా మోగాయంటే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి, లాగిన నారిని మెల్లగా వెనక్కి దించాలి. ఒలింపిక్స్‌లో పాటించే ఈలల పద్ధతీ ఇంచుమించు ఇదే. ఒక పిల్లవాడు మూడో ఈల పూర్తికాకముందే అడుగు ముందుకేశాడు. మాస్టారు అరవలేదు, కొట్టలేదు. "ఇవాళ్టికి నీ బాణాలు అయిపోయాయి నాన్నా, వచ్చి నా పక్కన కూర్చో" అన్నారు. మర్నాడు ఆ పిల్లవాడు గీత దగ్గర అందరికంటే కుదురుగా ఉన్నాడు.

లక్ష్యం దగ్గరికి పరుగెత్తడం పూర్తిగా నిషేధం. గుచ్చుకున్న బాణాల తోకలు సరిగ్గా పిల్లల కళ్ల ఎత్తులో ఉంటాయి, తూలి పడితే ప్రమాదం అక్కడే. బాణం పీకేటప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు. ఆడపిల్లలు చున్నీ నడుముకు గట్టిగా చుట్టుకోవాలి, జడ వెనక్కి వేసుకోవాలి, జుంకాలు తీసేయాలి; నారికి చిక్కుకుంటాయి. చేతికి తోలు పట్టీ తప్పనిసరి. విల్లు చేతికిచ్చిన మొదటిరోజు పట్టీ సరిగా కట్టుకోని మా పిల్ల మోచేతి లోపల నారి చరిచి ఎర్రగా వాతపడింది, రెండోరోజు నుంచి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇంకో నియమం నాకు చాలా నచ్చింది. బాణం లేకుండా ఉత్త నారిని లాగి వదలకూడదు. బాణం తీసుకుపోవలసిన శక్తంతా విల్లుకే తిరిగొచ్చి అది పగిలిపోతుందట.

ఇన్ని నియమాలున్న ఆట మరొకటి బడిలో ఉండదు. అందుకే పిల్లలు వాటిని తేలిగ్గా తీసుకోరు. తన చేతిలోని వస్తువు ఎదుటివాళ్లకు హాని చేయగలదని, దాన్ని తనకు నమ్మి ఇచ్చారని పిల్లకు అర్థమైన క్షణం నుంచి ఆమె నడక మారుతుంది. టీచరుకు శిక్షణ లేని చోట, వెనక అడ్డుగోడ లేని చోట, అరవై మందికి ఒక్క మాస్టారు ఉన్న చోట విల్లు ఇవ్వొద్దనే నేనూ అంటాను. అక్కడ ముందు సరిచేయాల్సింది ఆ మాస్టారి పరిస్థితిని.

ద్రోణుడి చెట్టు కింద

మన కథల్లో విల్లు ఎప్పుడూ ఒక్కడి కోసమే. శివధనుస్సు ఎందరో రాజులు ఎత్తలేనిది, ఒక్కడు ఎక్కుపెట్టాడు. మత్స్యయంత్రం ఒక్కడు కొట్టాడు. చెట్టు మీది పక్షి కథ చూడండి. ద్రోణుడు రాకుమారులను ఒక్కొక్కరినీ పిలిచి ఏం కనిపిస్తోందని అడిగాడు. చెట్టు, కొమ్మలు, అన్నదమ్ములు, మీరు కనిపిస్తున్నారని చెప్పినవాళ్లను పక్కకు పొమ్మన్నాడు. వాళ్లకు బాణం వదిలే అవకాశమే రాలేదు. పక్షి తల తప్ప ఏమీ కనిపించడం లేదన్న అర్జునుడొక్కడే వేశాడు. ఏకాగ్రతకు పాఠంగా చెప్పే కథ ఇది. గట్టు మీద పెరిగిన నాకు మాత్రం పక్కకు జరిగి నిలబడ్డ ఆ మిగతా పిల్లలే కనిపిస్తారు. ఏకలవ్యుడినైతే అంతదాకా కూడా రానివ్వలేదు. ద్రోణుడు వెతుకుతున్నది గొప్ప విలుకాడి కోసం, ఆయన పని అది. బడి పని వేరు. చెట్టూ కొమ్మలూ కనిపిస్తున్నాయన్న పిల్లవాడికి కూడా బాణం ఇచ్చి, వేసి చూడమనడం బడి పని.

ఒకప్పుడు మన బడికి విల్లు ఉండేది. పాతకాలపు వీధిబడుల్లో దసరా వచ్చిందంటే అయ్యవారి వెంట పిల్లలు రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ పాటలు పాడుతూ వెళ్లేవాళ్లు. బుక్కాగుండ, పూలు చల్లేవాళ్లు. అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు. మా నాన్నగారి తరం వరకూ ఆ జ్ఞాపకం ఉంది. అవి అలంకారానికి చేసినవే కావచ్చు, కానీ ఊళ్లోని ప్రతి బడిపిల్లవాడి చేతిలోనూ ఏడాదికోసారి ఒక విల్లు ఉండేది.

మన్యంలో ఇప్పటికీ ఉంది. కోయ, కొండరెడ్డి గూడేల్లో వెదురు విల్లు ఇంటి వస్తువు. అల్లూరి సీతారామరాజు విగ్రహం చేతిలో విల్లు ఎందుకుందో అక్కడి పిల్లలకు పాఠం చెప్పనక్కర్లేదు. 1922 నుంచి 1924 దాకా సాగిన ఆ పోరాటంలో వాళ్ల తాతముత్తాతల విల్లులు ఉన్నాయి. ఆ పిల్లలు ఆశ్రమ పాఠశాలకు వచ్చేటప్పుడు మాత్రం విల్లు గూడెంలోనే ఉండిపోతుంది. బడిలో వాళ్లకు రానివే అన్నీ: పుస్తకాల తెలుగు రాదు, ఇంగ్లిష్ రాదు, లెక్కలు రావు. వాళ్లకు వచ్చినది ఏదో బడి ఒక్కసారీ అడగదు. ఆటల పీరియడ్‌లో విల్లు ఉంటే, పట్నం నుంచి వచ్చిన మాస్టారికి ఆ పిల్లవాడే చేయి ఎలా పెట్టాలో చూపిస్తాడు.

ఇక పట్నాల్లో విలువిద్య బడి గేటు అవతల పెరిగింది. విజయవాడకు ఇవాళ ఈ విద్యలో పేరొచ్చిందంటే చెరుకూరి సత్యనారాయణ కుటుంబం నడిపిన ఓల్గా అకాడమీ పెద్ద కారణం. వెన్నం జ్యోతి సురేఖ ఆ ఊరి అమ్మాయే. కొసల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లుతో 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగతం, జట్టు, మిక్స్‌డ్ విభాగాలు మూడింటిలోనూ స్వర్ణాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్‌దీ విజయవాడే. 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్ పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచాడు. 1988 నుంచి ఒలింపిక్ విలువిద్యలో ఆడుతున్న మన దేశం పతకానికి అంత దగ్గరగా వెళ్లడం అదే మొదటిసారి. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలో జరిగిన యూత్ ప్రపంచ పోటీల్లో అండర్-21 కాంపౌండ్ విజేత అయింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీని మొదటిసారి పెడుతున్నారు కాబట్టి మన ఆశలు ఇంకా పెరుగుతాయి. ఈ పిల్లలంతా గెలిచింది ఇంట్లోవాళ్ల పట్టుదల వల్ల, కోచ్‌ల త్యాగాల వల్ల. దక్షిణ కొరియాలో ఈ దారి ప్రాథమిక పాఠశాలలో మొదలవుతుంది. బడిలో విల్లు పట్టిన పిల్లలు హైస్కూలుకీ కాలేజీకీ విల్లుతోనే వెళతారు. 1988 నుంచి 2024 దాకా పది ఒలింపిక్స్‌లో మహిళల జట్టు స్వర్ణం ప్రతిసారీ కొరియాదే.

ఖర్చు మాట వస్తుంది. పోటీలకు పనికొచ్చే రికర్వ్, కాంపౌండ్ విల్లులు లక్షల్లో ఉంటాయి, నిజం. పీరియడ్‌కు అవి అక్కర్లేదు. మన జాతీయ పోటీల్లోనే ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది, వెదురు, కర్ర విల్లులతో ఆడతారు. అలాంటి విల్లులు పది ఉంటే బడంతా వంతులవారీగా నేర్చుకోవచ్చు. వాలీబాల్‌లా ఇదీ ఎవరి సొంతమూ కాదు. లక్ష్యానికి వరిగడ్డి మోపులు బిగించి కట్టినా పనిచేస్తుంది. వెనక గట్టి వలో, మట్టిగోడో ఉండాలి. పదిహేను మీటర్ల స్థలం, అటువైపు నుంచి ఎవరూ నడిచి రాలేని చోటు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలంటోంది. ఆ సామగ్రి జాబితాలో ఇంకొకటి చేర్చడం పెద్ద పని కాదు. పెద్ద పని డ్రిల్ మాస్టార్లకు శిక్షణ. వేసవి సెలవుల్లో వాళ్లను ఏ అకాడమీకో పంపి, నేర్పి, పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ల బడికి మాత్రమే విల్లులివ్వాలి. నెమ్మదిగానే జరగనీయండి. కెంటకీలోనూ ఇరవయ్యొకటితోనే మొదలైంది.

తెలుగులో గురి అనే మాటకు రెండు అర్థాలున్నాయి. కొట్టాల్సిన చోటు ఒకటి. ఆ డాక్టరు మీద నాకు గురి అంటామే, ఆ నమ్మకం ఇంకొకటి. శిబిరం నాలుగో వారంలో మా మేనకోడలు ఆరు బాణాలు వేసి, తనే వెళ్లి, లక్ష్యం మీద అరచెయ్యి ఆనించి, ఒక్కొక్కటీ మెలితిప్పి పీకి, పాయింట్లు పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా చదివి రాయించుకుంది. తొమ్మిది, ఏడు, ఏడు, ఆరు, నాలుగు, తప్పిపోయింది. తప్పిపోయిందన్న మాట కూడా మిగతావాటంత గట్టిగానే చెప్పింది. నలుగురిలో నోరు విప్పని పిల్ల.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి ఆదివారం ఫోన్ చేసి ఆటల పీరియడ్ ఎలా జరిగిందని అడిగాను.

"త్రోబాల్ ఆడించారు అత్తా. నేను గట్టు మీద కూర్చున్నా" అంది.

నాకేం మాట్లాడాలో తోచలేదు. అదే మళ్లీ అంది: "రబ్బరు పట్టీ సంచిలో ఉంది కదా, గట్టు దగ్గర నిలబడి లాగాను. ఇంకో ఇద్దరు మాక్కూడా నేర్పవా అని అడిగారు. పట్టీ ఒక్కటే ఉంది. ఇంకో రెండు కొని పంపించవా?"